తల్లి ప్రాణం మీదికి వచ్చినా కతోలిక శ్రీసభ (చర్చి) గర్భస్రావం వద్దంటుందా?

బిడ్డను చంపడమే ఉద్దేశమైన గర్భస్రావాన్ని శ్రీసభ ఏ కారణంతోనూ ఒప్పుకోదు. అలాగని తల్లికి వైద్యం ఆపమనదు. చాలామంది పొరబడేది ఇక్కడే. గర్భిణికి గర్భాశయ క్యాన్సర్ వస్తే గర్భాశయాన్ని తొలగించవచ్చు. బిడ్డ బతకదని తెలిసినా, ఆ మరణం ఎవరూ కోరుకున్నది కాదు కనుక శ్రీసభ దాన్ని హత్యగా చూడదు.

ఇటలీలో పిల్లల వైద్యురాలు జియాన్నా బెరెట్టా మొల్లాకు 1961లో, రెండో నెల గర్భంతో ఉండగా, గర్భాశయంలో కణితి కనిపించింది. గర్భాశయాన్నే తీయించుకునే వీలు శ్రీసభ బోధలో ఉంది. అయినా ఆమె కణితిని మాత్రమే తీయమన్నారు. అది ప్రేమతో చేసిన త్యాగం, ప్రతి తల్లికీ పెట్టిన షరతు కాదు. 1962 ఏప్రిల్ 21న పాప పుట్టింది. వారానికే తల్లి కన్నుమూశారు. 2004లో రెండో జాన్ పాల్ పోపు ఆమెను పునీతురాలిగా (సెయింట్‌గా) ప్రకటించినప్పుడు ఆ కూతురు అక్కడే ఉన్నారు.