ఆస్తమా పిల్లల్లో మందు మోతాదును రక్తానికి బదులు ఉమ్మితో చూడొచ్చా?

గాజువాక నుంచి ఒక అమ్మ అడిగారు: ఎనిమిదేళ్ల బాబు థియోఫిలిన్ (ఊపిరి గొట్టాలను వదులు చేసే ఆస్తమా మందు) వాడుతున్నాడు, సూది అంటే ఏడుపు, ఉమ్మి పరీక్ష సరిపోతుందా అని.

కొంతవరకు సరిపోతుంది, కానీ ఆస్తమా మందుల్లో ఈ ఒక్కదాని విషయంలోనే. బుడెసొనైడ్, సాల్బుటమాల్ లాంటి ఇన్‌హేలర్లకు లెవెల్ (ఒంట్లో మందు ఎంత ఉందో) చూడాల్సిన పనే లేదు. థియోఫిలిన్ అలా కాదు. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే వాంతులు, గుండెదడ, మరీ ముదిరితే ఫిట్స్. రక్తంలో మిల్లీలీటరుకు 10–20 మైక్రోగ్రాములు ఉండాలని పాత లెక్క; ఇప్పుడు 5–15 చాలంటారు.

రక్తంలోని మందులో దాదాపు 40 శాతం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. విడిగా ఉన్నదే లాలాజలంలోకి దిగుతుంది. అందుకే ఉమ్మిలో లెవెల్ రక్తంలో కంటే తక్కువ, సుమారు సగం నుంచి అరవై శాతం. చిక్కేమిటంటే ఈ నిష్పత్తి పిల్లవాడిని బట్టి మారుతుంది. కాబట్టి మొదట ఒక్కసారైనా రక్తం, ఉమ్మి రెండూ ఒకేసారి తీసి పోల్చుకోవాలి. సూదిని పూర్తిగా తప్పించుకోలేమన్నమాట, పాపం!

ఇంకోటి, సిరప్ తాగిన నోటితోనే ఉమ్మి ఇస్తే లెక్క తప్పుతుంది. నోరు బాగా పుక్కిలించాకే ఇవ్వాలి.

విశాఖలో ల్యాబ్‌కు వెళ్లేముందు ఉమ్మితో ఈ పరీక్ష చేస్తారా అని ఫోన్ చేసి కనుక్కోండి, మామూలుగా అడిగేది రక్తమే. బాబుకు జ్వరం వచ్చినా, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసినా థియోఫిలిన్ లెవెల్ పెరగొచ్చు, వెంటనే డాక్టరుగారికి చెప్పండి.