ఫెర్న్ ఆకులో "పిన్నా" అంటే ఏది? దాని అడుగున ఉన్న గోధుమ చుక్కలు పురుగులేనా?

ప్రశ్న: మాది కడియం దగ్గర పల్లె. షేడ్ నెట్ కింద 600 కుండీల దాకా సోర్డ్ ఫెర్న్, కొంత బోస్టన్ ఫెర్న్ పెంచుతున్నాం. నెల కిందట ఆకుల అడుగున గోధుమ రంగు చుక్కలు కనిపించాయి. మందుల షాపులో చూపిస్తే పొలుసు పురుగు అని చెప్పి ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. రెండుసార్లు కొట్టాం. చుక్కలు పోలేదు. పైగా ఇప్పుడు ఆకు ముక్కలు రాలిపోయి పుల్లలు మిగులుతున్నాయి. సాగు పుస్తకంలో చూస్తే "పిన్నాల అడుగు భాగం పరిశీలించండి, పురుగు ఎక్కువగా ఉన్న పిన్నాలు తీసేయండి" అని ఉంది. పిన్నా అంటే మొత్తం ఆకా, చిన్న ముక్కా? అన్నీ కోసేయాలంటే మాకు సరుకే మిగలదు. మూడు ఫోటోలు పంపుతున్నాం.

జవాబు: ముందుగా ఒక మాట. దయచేసి ఇప్పుడే ఏమీ కోయకండి. మూడోసారి మందు కూడా కొట్టకండి. మీరు పంపిన మొదటి రెండు ఫోటోల్లో ఉన్నవి పురుగులు కావు. అవి ఫెర్న్ సంతానం కోసం తయారుచేసుకునే సిద్ధబీజాల కుప్పలు. మూడో ఫోటో సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగిన మాట అర్థం తేల్చుకుందాం. దాన్ని బట్టే కత్తెర ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

లాటిన్‌లో పిన్నా అంటే ఈక. పక్షి ఈకను చేతిలోకి తీసుకుంటే మధ్యలో ఒక కాడ, దానికి అటూ ఇటూ వరసగా సన్నని పోగులు ఉంటాయి కదా. ఆ పోలికతోనే వృక్షశాస్త్రంలో ఇలాంటి ఆకులకు ఈ పేరు వచ్చింది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో కూడా అదే పోలిక తీసుకుని "పిచ్ఛాకార సంయుక్త పత్రం" అన్నారు. పిచ్ఛం అంటే మనం నెమలి పించం అంటామే, ఆ పించమే. ఇంటర్మీడియట్‌లో ఈ మాట బట్టీ పట్టిన పిల్లలు చాలామందికి అందులో నెమలి పించం ఉందని ఎవరూ చెప్పరు. చెబితే ఒక్కసారికే గుర్తుండిపోతుంది.

మీది గోదావరి జిల్లా కాబట్టి కొబ్బరి మట్టతో చెబుతాను. మట్ట మొత్తం ఒకే ఒక ఆకు. నరికితే కింద పడేది ఒక్క ఆకే, వంద ఆకులు కావు. ఆ మట్టకు మధ్యలో గట్టి కాడ ఉంటుంది. దానికి రెండు వైపులా పొడవాటి పచ్చని పట్టీలు ఉంటాయి. చీపురు కోసం మనం ఈనె తీసేది ఈ పట్టీల్లోంచే. మీ సోర్డ్ ఫెర్న్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, కాకపోతే చిన్నది. కుండీలోంచి పైకి లేచి వంగిన పొడవాటి ఆకు మొత్తాన్ని ఫ్రాండ్ అంటారు. ఆకు భాగం మధ్యగా పోయే కాడ పేరు రాకిస్. ఆ కాడకు అటూ ఇటూ అతుక్కుని ఉన్న ఒక్కో చిన్న పట్టీ ఒక పిన్నా. ఇంగ్లీషు పుస్తకాల్లో ఒకటైతే పిన్నా, చాలా ఉంటే పిన్నే అని రాస్తారు. మనం పిన్నాలు అనుకుంటే సరిపోతుంది.

అంటే మీ పుస్తకం తీసేయమన్నది ఆ చిన్న పట్టీని. మొత్తం ఆకును కాదు. నా అభిప్రాయంలో ఆ వాక్యం రాసినవారు పిన్నా అంటే ఏమిటో ఒక్క బొమ్మ వేసి చూపించి ఉండాల్సింది.

అన్ని ఫెర్న్‌లూ ఇంత సూటిగా ఉండవు. కొన్నిటిలో పిన్నా మళ్లీ చీలుతుంది. అప్పుడు మధ్య కాడ నుంచి వచ్చిన మొదటి కొమ్మను పిన్నా అని, ఆ పిన్నా మీద ఉన్న ఇంకా చిన్న ముక్కను పిన్యూల్ అని అంటారు. పిన్యూల్ అంటే చిన్న ఈక అనే అర్థం. పూలబొకేల్లో వాడే లెదర్ లీఫ్ ఫెర్న్ ఇలా చాలాసార్లు చీలిన రకం. అందులో చిట్టచివరన కనిపించే చిన్న ముక్కను చూసి ఇదే పిన్నా అనుకుంటే తప్పు. లెక్క ఎప్పుడూ మధ్య కాడ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

ఈ లెక్క ఫెర్న్‌లకే కాదు, మీ పెరట్లో చెట్లకూ పనికొస్తుంది. కరివేపాకు, చింత, వేప ఒక్కసారే చీలిన ఆకులు. వీటిలో ఒక్కో ముక్కను మామూలుగా పిన్నా అనరు, పత్రకం అంటారు. తుమ్మ, సుబాబుల్, అత్తిపత్తి రెండుసార్లు చీలినవి. వీటి ఆకులో మొదటి కొమ్మ పిన్నా, దాని మీదున్న చిన్న ముక్కలు పత్రకాలు. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తిలో ఈ పిన్నాలు మామూలుగా నాలుగే ఉంటాయి, అరచేతి వేళ్లలా ఒకే చోటు నుంచి విచ్చుకుని కనిపిస్తాయి. మునగాకు మూడుసార్లు చీలుతుంది. వరి చేలో నీళ్లలో నాలుగు ఆకుల గొడుగులా తేలే కలుపు ఉంటుంది చూడండి, దాని పేరు మార్సీలియా. అదీ ఫెర్న్ జాతే. ఆ నాలుగూ నాలుగు ఆకులు కావు, ఒకే ఆకుకు ఉన్న నాలుగు పిన్నాలు. పశువులకు వేసే అజొల్లా కూడా ఫెర్నే కానీ దానికి పిన్నాలు ఉండవు. దాని ఒక్కో ఆకు రెండు తమ్మెలుగా ఉంటుంది, అంతే.

ఇంకొక చోట కూడా ఈ మాట మీకు ఎదురుకావచ్చు. పశువైద్యుల కాగితాల్లో పిన్నా అంటే చెవి దొప్ప. గేదెలకు, ఆవులకు 12 అంకెల ట్యాగు వేసేది ఆ దొప్పకే. ఆకు మందుల కాగితం, పశువుల కాగితం ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి చెబుతున్నాను.

ఇక చుక్కల సంగతి.

సోర్డ్ ఫెర్న్, బోస్టన్ ఫెర్న్ రెండూ నెఫ్రోలెపిస్ అనే ప్రజాతికి చెందినవి. గ్రీకులో నెఫ్రోస్ అంటే మూత్రపిండం, లెపిస్ అంటే పొలుసు. పిన్నా అడుగున సిద్ధబీజాలు పుట్టే తిత్తులు కుప్పగా ఉంటాయి, ఆ కుప్పను సోరస్ అంటారు. దాని మీద మూత్రపిండం ఆకారంలో చిన్న మూత ఉంటుంది, అందుకే ఆ పేరు. చూశారా, మొక్క పేరులోనే పొలుసు ఉంది. పొలుసు పురుగని పొరబడటంలో మీ తప్పేమీ లేదు. లేత వయసులో ఆ మూత పచ్చగా, తెల్లగా ఉండి ఎవరి కంటా పడదు. ముదిరాక గోధుమ రంగుకు మారుతుంది. దాంతో రాత్రికి రాత్రే పురుగు పట్టినట్టు రైతుకు కంగారు పుడుతుంది.

తేడా కనిపెట్టడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఒక పిన్నాను తిప్పి పట్టుకుని చుక్కల అమరిక చూడండి. సోరస్‌లు దర్జీ వేసిన కుట్టులా ఉంటాయి. పిన్నా మధ్య ఈనెకు రెండు వైపులా ఒక్కో వరస, చుక్కకూ చుక్కకూ మధ్య ఇంచుమించు ఒకే దూరం, అన్నీ ఒకే సైజు. పక్క పిన్నా తిప్పినా అదే వరస. పైగా అడుగు వైపే ఉంటాయి, పై వైపున ఎప్పుడూ ఉండవు. పొలుసు పురుగుకు ఈ క్రమశిక్షణ ఉండదు. ఒక చోట గుంపుగా, ఇంకో చోట ఒంటరిగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకు పైనా ఉంటుంది, మధ్య కాడ మీదా ఉంటుంది. కాడ మీద చుక్క కనిపించిందంటే మాత్రం అది సోరస్ కాదు, గట్టిగా అనుమానించండి.

తర్వాత గోరుతో గీకండి. పురుగైతే పెంకు ఒక మూతలా ఊడి వస్తుంది, దాని కింద మెత్తటి తడి శరీరమో గుడ్లో ఉంటాయి. ముదిరిన సోరస్ అయితే పొడిపొడిగా గోధుమ రంగు దుమ్ము రాలుతుంది. ఇంకా అనుమానం ఉంటే నాలుగు పిన్నాలు తుంచి, అడుగు వైపు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టి, గాలి తగలకుండా మీద పుస్తకం ఉంచండి. ఒకటి రెండు రోజుల తర్వాత తీసి చూస్తే, సోరస్‌లు పక్వానికి వచ్చి ఉంటే పిన్నా ఆకారంలోనే కాగితం మీద గోధుమ పొడి గీతలు పడి ఉంటాయి. అవే సిద్ధబీజాలు. పురుగు ఎప్పుడూ అలాంటి ముద్ర వేయదు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి, సంతోషంగా చేస్తారు.

మీ మూడో ఫోటో బోస్టన్ ఫెర్న్‌ది. అందులో చుక్కలకు వరస లేదు, కాడ మీద కూడా ఉన్నాయి, ఆకు పై వైపు అక్కడక్కడా పసుపు మచ్చలు పడ్డాయి, పక్కన తెల్లటి సన్నని గీతల్లాంటివి కనిపిస్తున్నాయి. ఇది నిజంగానే పొలుసు పురుగు. ఫెర్న్‌లను ఇష్టపడే ఒక పొలుసు పురుగు ఉంది, దాని పేరు పిన్నాస్పిస్. మగవాటి పెంకులు తెల్లగా సన్నగా, ఆడవాటివి గోధుమ రంగులో ఆల్చిప్ప ఆకారంలో ఉంటాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. బోస్టన్ రకాల్లో చాలా వాటికి సోరస్‌లు సరిగా రావు, మొక్కలను పిలకల ద్వారానో టిష్యూ కల్చర్ ద్వారానో పెంచుతారు. కాబట్టి సోర్డ్ ఫెర్న్ మీద గోధుమ చుక్క చూస్తే ముందు సోరస్ అనుకోండి, బోస్టన్ మీద చూస్తే ముందు పురుగు అనుకోండి. గోరుతో గీకి ఖాయం చేసుకోండి.

ఇమిడాక్లోప్రిడ్ ఎందుకు పని చేయలేదో కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. సోర్డ్ ఫెర్న్‌లో చంపడానికి అక్కడ పురుగే లేదు. బోస్టన్‌లో ఉన్నది గట్టి పెంకు ఉన్న రకం. ఈ మందు తేనె బంక కార్చే మెత్తని పొలుసు పురుగుల మీద, పిండినల్లి మీద పనిచేసినట్టు గట్టి పెంకు వాటి మీద పని చేయదు.

బోస్టన్ కుండీలను ముందు మిగతా వాటి నుంచి దూరంగా జరపండి. ఇక్కడ నేను మీ పుస్తకంతో ఏకీభవించను. ఒక్కో పిన్నా తుంచుతూ కూర్చుంటే కూలీ గిట్టదు, కాడ మీది పురుగు అలాగే మిగిలిపోతుంది. పురుగు బాగా పట్టిన ఆకును మొదలు దగ్గర మొత్తం కోసి, సంచిలో మూట కట్టి కాల్చేయండి లేదా లోతుగా పాతిపెట్టండి. ఎరువు గుంటలో వేయొద్దు. ఒకటి రెండు పిన్నాల మీద మాత్రమే ఉంటే అవి తుంచితే చాలు. మిగిలిన వాటికి వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి అడుగు వైపు తడిసేలా చల్లండి. మామూలు పంటలకు లీటరుకు 5 మి.లీ. వాడతాం, కానీ ఫెర్న్‌లు నూనె మందులకు మాడిపోయే స్వభావం ఉన్నవి. సగం మోతాదుతో రెండు కుండీల మీద చల్లి వారం రోజులు చూడండి. చిగురు మాడకపోతేనే మిగతా వాటికి కొట్టండి. చల్లేది సాయంత్రం పూటే. పెంకు కింద ఉన్న గుడ్లకు మందు సరిగా తగలదు, పాకే పిల్ల పురుగులే మందుకు తేలిగ్గా దొరుకుతాయి. అందుకే 10–12 రోజుల ఎడంతో మూడుసార్లు చేయాలి.

పిన్నాలు రాలి పుల్లలు మిగలడం గురించి. ఇది చూసి మీరు ఎక్కువ టెన్షన్ పడినట్టున్నారు. నెఫ్రోలెపిస్‌లో ప్రతి పిన్నా కాడకు కలిసే చోట ఒక కీలు ఉంటుంది. ఆకు ముసలిదైనా, కుండీ ఒక్కసారి బాగా ఎండినా, వడగాలి తగిలినా ఆ కీలు దగ్గర పిన్నా విడిపోయి రాలిపోతుంది. కాడ మాత్రం నిలబడి ఉంటుంది. కాబట్టి రాలడం ఒక్కదాన్నే చూసి తెగులు అనుకోనక్కర్లేదు. రాలిన పిన్నాలు తీసి చూడండి. మొత్తం సమానంగా పసుపెక్కి ఉంటే నీటి ఎద్దడి. అంచులు, మధ్య భాగం మాడి మచ్చలు పడి ఉంటే ఎండలో మందు కొట్టిన ప్రభావం. మీ దగ్గర రెండూ కలిసి ఉంటాయని నా అనుమానం, ఎందుకంటే రాలిన కుండీలు ఎక్కువగా నెట్ అంచున గాలి తగిలే వైపే ఉన్నాయని ఫోటోలో తెలుస్తోంది. వాటిని లోపలికి జరపండి. దారుల్లో గోనె సంచులు పరిచి తడుపుతూ ఉండండి, గాలిలో తేమ నిలుస్తుంది. ఒట్టి పుల్లలను మొదలు దగ్గర కోసేయండి, వాటికి మళ్లీ పిన్నాలు రావు. మధ్యలోంచి పిడికిలిలా చుట్టుకుని వచ్చే కొత్త చిగుర్లను మాత్రం చేయి తగలకుండా కాపాడుకోండి. కోలుకునే దాకా రసాయన ఎరువు ఆపండి.

మీ బోస్టన్ మొక్కల్లో ముడతల రకాలు ఉంటే ఇంకో పని ఉంది. వాటి అందమంతా పిన్నా మళ్లీ పిన్యూల్‌లుగా చీలడంలోనే ఉంటుంది. అప్పుడప్పుడు ఒక ఆకు పాత తల్లి రకంలా చీలికల్లేని సాదా పిన్నాలతో పైకి లేస్తుంది. అది రోగం కాదు, రకం వెనక్కి తిరగడం. అలాంటి ఆకును, అది పుట్టిన పిలకతో సహా మొదట్లోనే తీసేయండి. వదిలేస్తే అదే బలంగా పెరిగి కుండీ అంతా సాదాగా మారిపోతుంది, కొనేవాళ్లు ఆ రకమని ఒప్పుకోరు.

తెల్ల కాగితం పరీక్ష సోర్డ్ ఫెర్న్‌తో ఈ వారమే చేయండి. బోస్టన్ ఆకు ఒకటి, కాడతో సహా పాలిథిన్ కవర్లో మూసి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. ఆకు మొత్తం తీసుకెళ్లండి, ఒక్క పిన్నా తుంచి తీసుకెళ్తే కాడ మీద పురుగు ఉందో లేదో వాళ్లకు తెలియదు.