జంట మోటార్ల మస్కిటో కట్టబోయే అల్లుడికి

సునాబెడ

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

రేడియో కంట్రోల్‌తో ఎగిరే రెండు మోటార్ల యుద్ధ విమానం నమూనా కట్టాలనుకుంటున్నట్టూ, అందుకు రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ విమానం డి హావిలాండ్ మస్కిటోను ఎంచుకున్నట్టూ రాసిన నీ ఉత్తరం అందింది. ఒక మోటారు విమానాలు కట్టి, ఎగరేసి, క్షేమంగా దింపిన చెయ్యి నీది కాబట్టి వద్దని అనను. అయితే ఒక మోటారు విమానానికి ఇంకో మోటారు తగిలిస్తే ఇది తయారవుతుందన్న భావన ఉంటే, కర్ర కొయ్యక ముందే దాన్ని వదిలెయ్యి. జోడెద్దుల్లో ఒకటి వెనకబడితే సాలు వంకర పోయినట్టే, ఒక మోటారు లాగుడు తగ్గితే విమానం ఆ పక్కకు తిరిగి పడిపోతుంది. బలమైన మోటార్ల కంటే సమానంగా లాగే మోటార్లే ఇక్కడ ముఖ్యం. నేను రాయబోయేదంతా ఎడమ, కుడి పక్కలను ఎలా సమానం చెయ్యాలన్న దాని గురించే.

మస్కిటోను ఎంచుకోవడం నాకు నచ్చింది. 1940 నవంబరు 25న మొదటిసారి గాలిలోకి లేచిన అసలు విమానం కూడా కర్రతో కట్టిందే. దాని ఫ్యూజలాజ్ (విమానం మొండెం) గోడల్లో బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య మనం వాడే తేలికపాటి బాల్సా కర్రనే పెట్టారు. ఫ్యూజలాజ్‌ను ఎడమ సగం, కుడి సగం విడివిడిగా అచ్చుల మీద తయారుచేసి, లోపలి తీగలు, పరికరాలు చాలావరకు అమర్చిన తర్వాతే రెండు సగాలనూ అతికించేవారు. నువ్వు కూడా అదే పద్ధతి పాటించు. సర్వోలు (రెక్క, తోక పలకలను కదిలించే చిన్న మోటార్లు), కంట్రోల్ కడ్డీలు, తీగలు వెళ్ళే గొట్టాలు అన్నీ సగాలు తెరిచి ఉన్నప్పుడే బిగించి, కదిలించి చూసుకుని, ఆ తర్వాతే మూసెయ్యి.

అసలు విమానం రెక్కల వెడల్పు దాదాపు పదహారున్నర మీటర్లు కాబట్టి పదో వంతు కొలతలో నీది 165 సెంటీమీటర్లు వస్తుంది. రెక్క వైశాల్యం సుమారు 42 చదరపు డెసిమీటర్లు. మొత్తం బరువు రెండున్నర కిలోలైతే చదరపు డెసిమీటరుకు 60 గ్రాములు పడుతుంది, ఈ రకం విమానానికి అది మంచి లెక్క. ఎట్టి పరిస్థితిలోనూ 2.8 కిలోలు దాటనివ్వకు. ఒడిశా కొండల్లోని మా సునాబెడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి కోస్తా గాలి కంటే ఎనిమిది, తొమ్మిది శాతం పలచన కాబట్టి బరువైన విమానం మరింత వేగంగా దిగుతుంది. మొదటిసారి ఎగరేయడానికి కొండ మీదికి తీసుకురాకుండా మీ రాయగడ వైపు పల్లంలోనే చూసుకోవడం మంచిది.

కర్ర దగ్గరి నుంచే సమానత్వం మొదలవుతుంది. ఒకే మందం ఉన్న బాల్సా షీట్లు రెండింటి బరువులో చాలా తేడా ఉండవచ్చు. కాబట్టి తెచ్చిన షీట్లన్నిటినీ వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, అంచున పెన్సిలుతో బరువు రాసి, దగ్గరి బరువులు ఉన్నవాటిని జతలుగా కట్టి, ఒకటి ఎడమ రెక్కకు, ఒకటి కుడి రెక్కకు వాడు. రెక్క చివరల దగ్గర వెనక అంచు రెండు డిగ్రీలు పైకి ఉండేలా, రెండు పక్కలా ఒకే మెలిక ఇవ్వు. వేగం తగ్గినప్పుడు రెక్క కొస ముందుగా పట్టు వదలకుండా అది కాపాడుతుంది.

జిగురు విషయం కాస్త విడమరిచి రాయాలి. 1944 చివర్లో భారత, బర్మా రంగంలో పనిచేస్తున్న మస్కిటోలలో కొన్నిటి రెక్కల అతుకులు వీడిపోవడంతో వాటిని కొంతకాలం ఎగరకుండా ఆపేశారు. మన ప్రాంతపు వేడి, వానాకాలపు చెమ్మ కర్రను, అతుకును ఎంత పరీక్షిస్తాయో అప్పుడే తెలిసింది. కొరాపుట్ జిల్లా వానల్లో బాల్సా నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ సమయంలో కట్టిన రెక్క మాఘమాసానికి ఎండి మెలికపడుతుంది. రెక్క పని కార్తీకం దాటాకే మొదలుపెట్టు. స్పార్ (రెక్కకు వెన్నులాంటి పొడవాటి దూలం) అతుకులకు నెమ్మదిగా గట్టిపడే, అరగంట రకం ఎపాక్సీ వాడు. రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులకు చెమ్మ తట్టుకునే కర్ర జిగురు చాలు. క్షణంలో పట్టే జిగురును ముక్కలు కదలకుండా నిలపడానికి మాత్రమే వాడు, భారం మోసే చోట దాన్ని నమ్ముకోకు.

ఇక మోటార్లు. కిలో బరువుకు 250 నుంచి 300 వాట్ల లెక్కన ఒక్కో మోటారుకు దాదాపు 350 వాట్లు కావాలి. నాలుగు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో 900 నుంచి 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) మోటార్లకు 10 బై 6 ప్రొపెల్లర్లు (పది అంగుళాల వ్యాసం, చుట్టుకు ఆరు అంగుళాల ముందడుగు) పెడితే ఒక్కో పక్క 25 ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకుంటాయి, కాబట్టి 40 ఆంపియర్ల ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరాలు) సరిపోతాయి. మోటార్లు, ఈఎస్‌సీలు ఒకే కంపెనీవి, ఒకే నమూనావి, ఒకేసారి కొను. ఒకటి ఇప్పుడు, రెండోది డబ్బు చేతికొచ్చాక అనుకుంటే అప్పటికి ఆ నమూనా దొరకకపోవచ్చు.

రేడియో సంకేతం అందుకునే రిసీవర్‌కు రెండు ఈఎస్‌సీల నుంచీ ఒకేసారి కరెంటు వెళ్ళకూడదు, ఒకదాని నుంచే వెళ్ళాలి. వాటిలోని బీఈసీలు (రిసీవర్‌కు కరెంటు ఇచ్చే భాగాలు) ఒకదానితో ఒకటి పోట్లాడుకుని రెండూ చెడిపోయే ప్రమాదం ఉంది. ఒక ఈఎస్‌సీ ప్లగ్గులోంచి ఎర్ర తీగను పిన్నుతో సహా బయటికి తీసి టేపు చుట్టు. తీగ పొడవు చాలకపోతే మోటారుకు వెళ్ళే మూడు తీగలను పొడిగించు తప్ప బ్యాటరీ వైపు తీగలను పొడిగించకు; అటు పొడవు పెరిగితే వోల్టేజీ ఎగుడుదిగుళ్ళు పెరిగి ఈఎస్‌సీలోని కెపాసిటర్లు దెబ్బతింటాయి. రెండు పక్కలా తీగల పొడవు ఒకటే ఉండాలి, టంకం పని శుభ్రంగా ఉండాలి. విద్యుత్ విమానాల్లో ఒక మోటారే ఆగిపోవడానికి తరచుగా కనిపించే కారణం ఊడిన టంకమో, వదులైన కనెక్టరో.

మస్కిటో రేడియేటర్లు ఫ్యూజలాజ్‌కు, ఇంజన్‌కు మధ్య రెక్క ముందంచులో ఉండేవి. ఆ నోళ్ళను అలంకారానికి వదిలెయ్యకుండా నిజంగానే తెరిచి, ఈఎస్‌సీలను వాటి వెనక కూర్చోబెట్టు. గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారి కంటే పెద్దదిగా ఉండాలి.

ప్రొపెల్లర్లు తీసేసి, రెండు ఈఎస్‌సీలకూ థ్రాటిల్ (మోటారు వేగం పెంచే, తగ్గించే మీట) హద్దులు ఒకేసారి నేర్పించు. రెండింటినీ ఒకే సంకేతం పంచే వై తీగతో కలపకుండా రిసీవర్‌లో వేరు వేరు చానళ్ళకు పెట్టి, ట్రాన్స్‌మీటర్‌లో కలుపుకో. అప్పుడు ఏ పక్కనైనా విడిగా సర్దవచ్చు. తర్వాత ప్రొపెల్లర్లు బిగించి, విమానాన్ని గట్టిగా కట్టి, ఒక్కో మోటారును వాట్‌మీటరుతో, చుట్లు లెక్కపెట్టే టాకోమీటరుతో పావు, సగం, పూర్తి థ్రాటిల్ దగ్గర కొలిచి రాసుకో. సగం దగ్గర తేడా ఉంటే చాలామంది పట్టించుకోరు, కానీ దిగేటప్పుడు విమానం పక్కకు లాగేది సరిగ్గా అక్కడే. బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే మోటారును ఆపేసే ఏర్పాటు రెండు ఈఎస్‌సీల్లో రెండు వేర్వేరు క్షణాల్లో పనిచేస్తే ప్రాణాంతకం. దాన్ని మెల్లగా తగ్గించే పద్ధతికి మార్చి, టైమరునూ వోల్టేజీ అలారంనూ నమ్ముకో. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి మొదట అయిదు నిమిషాలే పెట్టు, దిగాక సెల్లు 3.75 వోల్టుల కంటే తగ్గలేదని చూసుకున్నాకే పెంచు.

అసలు మస్కిటోలో ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరిగేవి, అందుకే టేకాఫ్‌లో పక్కకు తిరిగే గుణం దానికి ఉండేది. నీ విమానంలో కుడి మోటారుకు ఎదురు తిరుగుడు ప్రొపెల్లర్ పెట్టి, ఆ మోటారు మూడు తీగల్లో ఏవైనా రెండింటిని తారుమారు చేస్తే చాలు. ప్రొపెల్లర్ల పై అంచులు ఫ్యూజలాజ్ వైపు కదిలేలా తిప్పు. అసలుకు భిన్నమైనా ఈ ఒక్క విషయంలో అసలును వదులుకోవడమే వివేకం. ముక్కు పొట్టి కాబట్టి బ్యాటరీని వీలైనంత ముందుకు తోసి, గురుత్వ కేంద్రం రెక్క సగటు వెడల్పులో పాతిక శాతం దగ్గర ఉంచి మొదలుపెట్టు. విమానాన్ని ముక్కు, తోకల దగ్గర పట్టి లేపి చూడు. ఒక రెక్క వాలితే రెండో కొసలో సీసం ముక్క పెట్టు.

రంగు విషయంలో నాకు ఒక కోరిక ఉంది. ఆగ్నేయాసియా రంగంలో జపాన్ ఎర్ర గుర్తుతో తికమక పడకుండా బ్రిటిష్ విమానాల గుండ్రటి ముద్రలోంచి ఎరుపు తీసేసి, ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. వెండి రంగు మీద ఆ ముద్ర వేస్తే మన వైపు ఎగిరిన విమానంలా ఉంటుంది, ఆకాశంలో తిరుగుడు కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎగరేసే ముందు, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఎగరనిచ్చే గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకో. 2021 డ్రోన్ నియమాల కిందికి మోడల్ విమానాలు కూడా వస్తాయి. సునాబెడలోని హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజన్ కర్మాగారం దరిదాపుల్లో ఎగరేయాలన్న ఆలోచనే వద్దు. కోత అయిన వరి మడిలో గట్లు కొట్టుకుంటాయి, పశువులు తిరిగే చదునైన బంజరు మేలు.

గాలిలో ఒక మోటారు ఆగిపోయిందన్న అనుమానం వచ్చిన మరుక్షణం థ్రాటిల్ పూర్తిగా తగ్గించు. రెక్క వాలింది కదా అని ఎయిలరాన్‌తో (రెక్క వెనక అంచున కదిలే పలకతో) లేపబోతే, ఆ రెక్కే పట్టు వదిలి విమానం గిరగిరా తిరుగుతుంది. ముక్కు దించి వేగం కాపాడి, రెక్కలు సమం చేసి, పనిచేస్తున్న మోటారు వైపు రడ్డర్ (తోక నిలువు పలక) ఇస్తూ, కావలసినంతే థ్రాటిల్ ఇవ్వు. ఎత్తు పెంచాలని చూడకు, ఎదురుగా ఖాళీ ఉన్న చోట దించు. ఇది చేతికి అలవాటయ్యేలా, బాగా ఎత్తులో ఉన్నప్పుడు ఒక చానల్ మెల్లగా తగ్గించి సాధన చెయ్యి.

మోటార్లు బిగించి కొలతలు తీసిన రోజు, రెండు పక్కల ఆంపియర్లు, చుట్ల లెక్కలు రాసి పంపు. ప్రొపెల్లర్లు 10 బై 6వే ఉంచాలా, 10 బై 7కు మార్చాలా అన్నది వాటిని చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య