గేటు దగ్గర మూడు మెట్లు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. చర్లపల్లిలో ప్లాస్టిక్ విడిభాగాలు చేసే కంపెనీలో హెచ్‌ఆర్ చూస్తున్నాను. కాంట్రాక్టు వాళ్లతో కలిపి 180 మందిమి. జర్మనీ కస్టమర్ ఒకరు మా డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్ స్టేట్‌మెంట్ (అన్ని రకాల వాళ్లనూ న్యాయంగా చూసి కలుపుకుపోతామనే ప్రకటన) పంపమన్నారు. ‘నెట్‌లో బోలెడుంటాయి, ఒకటి తీసి మన పేరు పెట్టి పంపించెయ్యమ్మా’ అన్నారు ఎండీ గారు. నాలుగైదు చదివాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒక్క ముక్కా మా ఫ్యాక్టరీకి అతకలేదు. అలా పంపడానికి మనసొప్పడం లేదు. ఎలా రాయాలి?
— ఒక పాఠకురాలు, ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్

జవాబు: మనసొప్పడం లేదన్నారే, ఆ మాట చూసే ఈ వారం మీ ఉత్తరం ముందు తీసుకున్నాను.

చాలా ఏళ్ల కిందట మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు నేనూ ఇలాంటిదొకటి రాశాను. అద్దం బిగించి రిసెప్షన్‌లో తగిలించారు. ఒకరోజు అకౌంట్స్ ఉద్యోగానికి ఒక అబ్బాయి వచ్చాడు, రెండు కాళ్లకీ ఊతంగా కట్టుకునే క్యాలిపర్లు. మా గేటు దాటగానే మూడు మెట్లు. పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. సర్టిఫికెట్ల ఫైలు పళ్ల మధ్య పట్టుకుని, సెక్యూరిటీ అతను చంక కింద చెయ్యి వేసి లేపుతుంటే ఒక్కో మెట్టూ ఎక్కాడు. పైకొచ్చేసరికి చొక్కా వీపంతా తడిసిపోయింది. వచ్చి సరిగ్గా నేను రాసిన ఆ ఫ్రేము కిందే కూర్చున్నాడు. ఇంటర్వ్యూ బాగా చేశాడు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. ‘రోజూ ఎక్కి దిగడం పాపం అతనికి కష్టం కదా’ అన్నారు పైవాళ్లు. మెట్ల పక్కన ర్యాంప్ కట్టొచ్చు కదా అని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆ తప్పు నన్నింకా వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, కంప్యూటర్ ముందు కూర్చోకముందు ఫ్యాక్టరీ అంతా ఒకసారి తిరగండి. చక్రాల కుర్చీ గేటు నుంచి క్యాంటీన్ దాకా వెళ్లగలదా? ఆడవాళ్ల బాత్‌రూమ్ తలుపుకి గడియ పడుతుందా, లోపల మూతున్న చెత్తబుట్ట ఉందా? టీ టైములో ఊడ్చేవాళ్లకు వేరే గ్లాసులు పెడుతున్నారా? ఇది మాత్రం దగ్గరుండి చూడండి. ఊళ్లో టీకొట్టు దగ్గర కనిపించే రెండు గ్లాసుల పద్ధతి, క్యాంటీన్‌లో వేరే రూపంలో ఉండొచ్చు.

తర్వాత మీ ఇంటర్వ్యూ ఫారం తీయండి. తండ్రి పేరు, కులం, పెళ్లయిందా అనే గళ్లు ఉంటే కొట్టేయండి. ఫారంలో లేకపోయినా నోటితో అడిగేవి ఉంటాయి. ‘ఇంటిపేరేంటి? మీరేమిట్లు?’ అని అబ్బాయిని, ‘పిల్లల్ని ఎప్పుడు ప్లాన్ చేస్తున్నారు?’ అని అమ్మాయిని. మీ స్టేట్‌మెంట్‌లో మొదటి వాక్యం ఇక్కడే దొరుకుతుంది: ‘మా ఇంటర్వ్యూల్లో కులం, మతం, పెళ్లి, పిల్లల సంగతులు అడగం. ఎవరైనా అడిగితే ఫలానా వారికి చెప్పండి’ అని రాసి, ఆ ఫలానా వారి పేరు, ఫోన్ నంబరు వేయండి.

ఈక్విటీ అనే మాట దగ్గర చాలామంది తడబడతారు. రాత్రి పదింటికి షిఫ్టు దిగడం అందరికీ ఒకటే రూలు. బండి ఉన్నవాడు అరగంటలో ఇంట్లో ఉంటాడు. బండి లేని అమ్మాయి ఘట్‌కేసర్ బస్సు కోసం చీకట్లో నిలబడాలి. ఆ అమ్మాయికి కంపెనీ బండి పెట్టడమే ఈక్విటీ. ఇంతకన్నా పెద్ద నిర్వచనం మీ స్టేట్‌మెంట్‌కి అక్కర్లేదు.

సగం పని చట్టం ముందే చేసిపెట్టింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మీరు సమాన అవకాశాల విధానం ప్రకటించి, దివ్యాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. 20 మంది, అంతకు పైన ఉన్న ప్రైవేటు సంస్థ అందులో ఏయే ఉద్యోగాలు వారికి అనువైనవో, ఏ సదుపాయాలు ఇస్తారో రాయాలి, ఆ వ్యవహారాలు చూసే ఒక లైజన్ ఆఫీసర్ని పెట్టాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం చెప్పిన అంతర్గత కమిటీ పది మంది, అంతకు పైన ఉంటే తప్పనిసరి. అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. 50 మంది, అంతకు పైన ఉంటే పిల్లల సంరక్షణకు క్రెష్ ఉండాలని 2017 ప్రసూతి సవరణ చెప్పింది, ఆ నియమం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. ట్రాన్స్‌జెండర్ల ఫిర్యాదులు వినే అధికారిని 2019 చట్టం అడుగుతోంది. వీటిలో మీ దగ్గర ఏవున్నాయో, ఏవి లేవో ముందు తేల్చుకోండి.

లేనిది ఉన్నట్టు మాత్రం రాయకండి. ‘గేటు దగ్గర ర్యాంప్ లేదు, మార్చి 31లోగా కడతాం, అప్పటిదాకా ఇంటర్వ్యూలు సెక్యూరిటీ గది పక్కనే చేస్తాం’ అని రాయండి. లోపం ఒప్పుకుంటే ఆర్డరు పోతుందని ఎండీ గారు భయపడొచ్చు. ఆడిట్‌కు వచ్చేవాళ్లు కాగితం ఒక్కటే చూసి వెళ్లరనీ, మెషిన్ దగ్గర ఉన్నవాళ్లను పక్కకు పిలిచి అడుగుతారనీ ఆయనకు చెప్పండి. అప్పుడు కాగితం ఒకటి, మనుషుల మాట ఇంకొకటి అయితే వచ్చే నష్టమే ఎక్కువ.

కస్టమర్‌కి ఇంగ్లిష్ ప్రతి పంపుతారు, సరే. కానీ ముందు తెలుగులో రాయండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లుంటే హిందీలోనూ పెట్టండి. హాజరు వేసే మెషిన్ పక్కన అతికించండి. ఎండీ గారి సంతకానికి ముందు ప్యాకింగ్‌లో పనిచేసే ఒకరిద్దరికి చదివి వినిపించండి. ఏ వాక్యం దగ్గర ‘ఇది మన దగ్గర ఎక్కడుంది మేడం?’ అంటారో అది తీసేయండి, లేదా పక్కన తేదీ వేయండి.

ముసాయిదా అయ్యాక నాకూ పంపండి, చదివి చెబుతాను. తెలుగుదే పంపండి.