వడ్లకూ వడ్లాయనకూ చుట్టరికం ఉందా?

సందేహం: మా ఊళ్లో వడ్రంగిని ‘వడ్లాయన’ అంటారు. కళ్లంలో ఆయనకు వడ్లు కొలిచేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చిందని మా తాత చెప్పేవాడు. నిజమేనా? ‘వడ్లంగి’ అని రాస్తే తప్పా?

సమాధానం: వడ్లు కొలిచిన మాట నిజమే. నాగలీ బండీ బాగుచేసి పెట్టినందుకు రైతు పంట నూర్చగానే గింజలు ఇచ్చేవాడు. దాన్ని ‘మేర’ అనేవారు. అయితే అదే కళ్లంలో కమ్మరికీ కుమ్మరికీ కూడా కొలిచేవాళ్లు కదా! వాళ్లకు అంటని వడ్లు ఈయనకే ఎందుకు అంటుకున్నాయి? పైగా జొన్న తప్ప పండని మెట్ట ఊళ్లోనూ ఆయన వడ్లాయనే, జొన్నలాయన కాలేదు.

తినే వడ్లు ‘వరి’కి బహువచనం, మన సొంత మాట. పనివాడి ‘వడ్ల’ పుట్టిల్లు వేరు. సంస్కృతంలో వడ్రంగిని ‘వర్ధకి’ అంటారు. ‘తక్షా తు వర్ధకిస్త్వష్టా’ అని అమరకోశం. రామాయణం అయోధ్యకాండలో భరతుడి ప్రయాణానికి దారి సిద్ధం చేసిన పనివాళ్లలోనూ వర్ధకులున్నారు. ఈ మాట పాళీలో ‘వడ్ఢకి’ అయింది. హిందీవాళ్ల ‘బఢయీ’, కన్నడిగుల ‘బడగి’ ఆ దారిన వచ్చినవే. మన వడ్లంగి, వడ్రంగి, వడ్లవాడు, పాత మాట వడ్లబత్తుడు కూడా ఆ కుదురువే. తెలంగాణలో ‘వడ్ల’ ఇంటిపేరుగా కూడా ఉంది.

మరి వర్ధకిలో వర్ధిల్లడం ఉందా అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడ పెరుగుదలతో పనిలేదు. సంస్కృత ధాతువుల (క్రియల మూలరూపాల) జాబితా అయిన ధాతుపాఠంలో ‘వర్ధ’ అనే మరో ధాతువుంది, ‘ఛేదన పూరణయోః’ అని దాని అర్థం. అంటే కోయడం, నింపడం. ఉలితో తొలిచి, ఆ తొలిచినచోట ఇంకో చెక్క మొన దించి బిగించేవాడికి ఇంతకంటే ఏ ధాతువు నప్పుతుంది? నాకు మాత్రం ఈ వ్యుత్పత్తి చదివినప్పుడల్లా ద్వారబంధం బిగిస్తున్న మనిషే కళ్లముందు కనిపిస్తాడు.

ఇక ‘వడ్లంగి’ తప్పేమీ కాదు. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ‘వడ్రంగి’కి అలవాటు పడ్డాయి, అంతే. పరీక్షలో మార్కుల టెన్షన్ ఉంటే వడ్రంగి అని రాయండి; ఇంట్లో మీ తాతగారిలాగే వడ్లాయన అనండి.