స్వరజ్ఞానం లేనివాళ్లు సొంతంగా చేసుకున్న స్లయిడ్ గిటార్ వాయించగలరా?

ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు, వయసు నలభై దాటింది, చెక్కా తీగలూ కొనుక్కుని సొంతంగా స్లయిడ్ గిటార్ (తీగలను వేళ్లతో నొక్కకుండా వాటి మీద స్టీలు కడ్డీ జార్చి వాయించే గిటారు) చేసుకుంటే వాయించడం వస్తుందా, లేక అది పుట్టుకతో రావలసిన విద్యేనా అని అడిగారు. వస్తుంది. నాకు వచ్చింది. నేను హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మీద పనిచేసే టర్నర్‌ని. మా నాన్న తరంలోగానీ, మా తాత తరంలోగానీ వాద్యం ముట్టుకున్నవాళ్లు లేరు. ఇవాళ నేను డాబా మీద కూర్చుని మోహన రాగం వాయిస్తుంటే, కింది వాటాలో ఉండే పిన్నిగారు మెట్లెక్కి వచ్చి ఇంకోసారి వాయించమంటారు. ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకున్నవారు. ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం నాకు అక్కర్లేదు.

పుట్టుకతో రావాలి అనే మాట మీద నాకు చాలా కోపం ఉంది. ముందు అది చెప్పనివ్వండి. కొన్నేళ్ల కిందట మా ఇంటికి దగ్గరలోని ఒక సంగీత తరగతికి వెళ్లాను. మాస్టారు హార్మోనియం మీద షడ్జమం (స) పట్టి పాడమన్నారు. పాడాను. పంచమం (ప) పట్టారు. అదీ పాడాను. ఆయన హార్మోనియం మూసేసి, "మీకు స్వరజ్ఞానం లేదండీ, పిల్లలుంటే పంపించండి, చూద్దాం" అన్నారు. ఆయన పరీక్షించింది నా గొంతును, తీర్పు చెప్పింది మాత్రం నా చెవి గురించి. ఈ రెండూ ఎంత వేరో సంగీతం చెప్పేవాళ్లకే తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? గొంతు పలకనివాళ్లు కోకొల్లలు. నిజంగా స్వరాల మధ్య తేడా పట్టుకోలేని లోపం వేరే ఉంది, దానిమీద శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు, అది నూటికి నలుగురికి మించదు. మిగిలిన తొంభై ఆరుగురిని గుమ్మంలోంచి వెనక్కి పంపే హక్కు ఎవరిచ్చారు?

చెవి పాటగాళ్ల సొత్తు కాదు. లేత్ మీద స్టీలు కడ్డీ తిరుగుతుండగా టూలు మొన అరిగితే కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. టూలు హోల్డర్‌లోంచి మరీ బయటికి వస్తే ఒక మోత, చక్‌లో బిగించిన ముక్క వదులైతే ఇంకో మోత, బేరింగు పోతుంటే మరో రకం మూలుగు. పక్క మిషను మీద కుర్రవాడు ఫీడు (టూలు ముందుకు కదిలే వేగం) ఎక్కువ పెడితే నేను తల తిప్పకుండానే తగ్గించమని చెబుతాను. ఈ చెవి నాకు పనిలో వచ్చింది. మీరు ఏ పని చేస్తారో రాయలేదు గానీ, ఆ పనిలో మీ చెవి ఎన్ని సంగతులు పట్టుకుంటోందో ఒక రోజంతా గమనించండి. స్వరజ్ఞానం లేదనే మాట మళ్లీ అనరు.

ఇక వాద్యం. పాత కలప అమ్మే అడితిలో టేకు ద్వారబంధం ముక్క కొన్నాను. పాతది ఎందుకంటే, ఏళ్ల తరబడి ఎండిన చెక్క తీగల లాగుడుకు తొందరగా వంగదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో మెడ విరిగిన గిటారు ఒకటి దొరికితే దాని బిరడలు (తీగలు బిగించే మరలు) ఊడదీసి బిగించాను. ఒక చివర బిస్కెట్ల రేకు డబ్బా, దాని మూత మీద తీగలు ఆనే గుర్రం. మోత పెద్దగా కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీలో పీజో బిళ్ల (అదురును కరెంటు సంకేతంగా మార్చేది) కొని మూత లోపలివైపు అంటించి, ఆంప్లిఫయరుకు కలుపుకోవచ్చు. తీగలు చెక్కకు సెంటీమీటరు ఎత్తున ఉండాలి, కడ్డీ చెక్కకు తగలకూడదు. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు అక్కర్లేదు, వాటి స్థానంలో గీతలు చాలు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించేదే కాబట్టి మెడ సన్నగా, నున్నగా ఉండాలని తాపత్రయపడకండి. ఈ తయారీ గురించే పేజీలకు పేజీలు రాసేవాళ్లుంటారు, ఏ చెక్క, ఏ వార్నిష్, ఏ జిగురు అని. అదంతా వాయించడం వాయిదా వేసుకునే మార్గం.

ఒక్క కొలత మాత్రం పట్టుబట్టి పాటించండి. పైన తీగలు ఆనే కమ్మీకీ కింది గుర్రానికీ మధ్య సరిగ్గా 60 సెంటీమీటర్లు ఉంచండి. తీగలో సగం మోగితే పై షడ్జమం, మూడింట రెండు వంతులు మోగితే పంచమం, నాలుగింట మూడు వంతులు మోగితే శుద్ధ మధ్యమం. పొడవు 60 అయితే ఈ లెక్కలన్నీ నిండు అంకెల్లో వస్తాయి. పై కమ్మీ నుంచి కొలిస్తే 12 దగ్గర అంతర గాంధారం (గ), 15 దగ్గర మధ్యమం (మ), 20 దగ్గర పంచమం (ప), 24 దగ్గర చతుశ్రుతి ధైవతం (ద), 28 దగ్గర కాకలి నిషాదం (ని), 30 దగ్గర పై షడ్జమం (పై స). చతుశ్రుతి రిషభం (రి) ఒక్కటే మొండికేస్తుంది, దాని చోటు 6.67. స్టీలు స్కేలు పెట్టి సన్నటి మొనతో గీయండి, లావుపాటి మార్కర్ పెన్నుతో కాదు. మూడు తీగలు చాలు. వాటిని స, ప, పై స అని శ్రుతి చేసుకోండి.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. అసలు విద్య నాకు ఎలా పట్టుబడిందో చెబుతాను. గుర్రం దగ్గర రంధ్రం పెద్దది చేయాల్సి వచ్చి ఒక రోజు వాద్యాన్ని షాపుకు తీసుకెళ్లాను. మధ్యాహ్నం అన్నం వేళకు కరెంటు పోయింది. బాలానగర్ షెడ్లలో కరెంటు పోతే ఎలా ఉంటుందో అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు. లేత్‌లు, గ్రైండర్లు, కంప్రెసర్లు అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఎవరో స్పానర్ కింద పెట్టిన చప్పుడు నాలుగు షెడ్ల అవతలికి వినిపిస్తుంది. అలాంటప్పుడు వాద్యాన్ని బెంచీ మీద పెట్టుకుని, కడ్డీ మొనను మధ్య తీగ ఒక్కదాని మీదే 15 గీత దగ్గర ఆనించి మీటాను. వెంటనే మూడో తీగను ఖాళీగా మీటాను. మధ్య తీగ పంచమం, దానిమీద నాలుగింట మూడు వంతుల చోటు అంటే పై షడ్జమం, మూడో తీగా పై షడ్జమమే. లెక్క ప్రకారం రెండూ ఒకే స్వరం పలకాలి. కానీ రెండూ కలిసి వం... వం... వం... అని ఊగుతున్నాయి.

కడ్డీని వెంట్రుకవాసి జరిపాను. ఊపు నెమ్మదించింది. ఇంకాస్త జరిపాను. ఒక ఊపుకూ ఇంకో ఊపుకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి వచ్చింది. మరికాస్త. ఊపు పూర్తిగా పోయింది. మోత ఒక్కటే నిలబడింది, ముందుకన్నా పెద్దగా, మూత మీద బిగించిన నట్టు సన్నగా అదిరేంతగా.

మిల్లింగ్ మిషను మీద పనిచేసే పెద్దాయన అప్పుడే టిఫిను డబ్బా విప్పుకున్నారు. ఆయనకు సంగీతంతో ఏ సంబంధమూ లేదు. పైగా ఒక చెవి సరిగా వినపడదు. తలెత్తి, "ఇప్పుడు కుదిరింది తమ్ముడూ" అన్నారు. "ఏం కుదిరిందన్నా?" అని అడిగాను. "ఇందాక వణికింది, ఇప్పుడు వణకడం లేదు కదా" అన్నారు. ఆయన చూడకుండా ఒంటిని అడ్డం పెట్టి కడ్డీని పక్కకు జరిపి మళ్లీ మీటాను. "పోయింది" అన్నారు. మెల్లగా వెనక్కి తెస్తూ మీటుతూ ఉన్నాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా, "ఆ... ఇంకా... ఇంకాస్త... అక్కడ ఆపు!" అన్నారు. నా చెవి ఆపమన్నదీ సరిగ్గా అక్కడే. కరెంటు వచ్చేదాకా ఇద్దరం అదే పని. ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. పుట్టుకతో వచ్చిన విద్య అనేవాళ్లకు నేను చూపించే సాక్ష్యం ఆ మధ్యాహ్నమే, నాకు వేరే సాక్ష్యం అవసరం లేదు.

ఆ ఊపులో మంత్రమేమీ లేదు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాల కంపనాలలో ఎంత తేడా ఉందో సెకనుకు అన్ని ఊపులు వినిపిస్తాయి. నా మూడో తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తుంది. ఆ చోట కడ్డీ అర సెంటీమీటరు తప్పితే సెకనుకు రెండు ఊపులు. మిల్లీమీటరే తప్పితే ఒక్క ఊపుకు రెండు సెకన్లు దాటి పడుతుంది. అంటే ఏ పనిముట్టూ లేకుండా మిల్లీమీటరు తేడాను చెవి చెప్పేస్తోంది. రోజంతా వెర్నియర్, మైక్రోమీటర్ పట్టుకుని బతికేవాణ్ని కాబట్టి అదెంత గొప్ప సంగతో నాకు తెలుసు.

కాబట్టి నా మాట ఇది: శ్రుతి (ఆగకుండా మోగే ఆధార స్వరం) మోగకుండా ఒక్క నిమిషం కూడా సాధన చేయకండి. ఫోనులో తంబూర యాప్ పెట్టుకోండి, లేదా కింది తీగను మోగిస్తూ పై తీగ మీద వాయించండి. శ్రుతి పక్కనుంటే తప్పు స్వరం దానంతటదే ఇబ్బంది పెడుతుంది, సరైన చోటికి మీ చేతిని తీసుకుపోతుంది. గురువులు నోటితో సరిదిద్దేది కూడా ఇదే.

మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలతో (సంగీతంలో మొదటి పాఠాలు) మొదలుపెట్టమని మీకు చెబుతారు. గొంతుకు అది మంచిదే కావచ్చు. స్లయిడ్ మీద మాత్రం వద్దు. గాంధార మధ్యమాల మధ్య మూడే సెంటీమీటర్లు, నిషాదానికీ పై షడ్జమానికీ మధ్య రెండే. కొత్త చేతికి అది చాలా ఇరుకు. మోహనంతో మొదలుపెట్టండి. అందులో మధ్యమం, నిషాదం లేవు. స రి గ ప ద, మళ్లీ స. ఏ రెండు స్వరాల మధ్యా నాలుగు సెంటీమీటర్లకు తక్కువ లేదు. చెయ్యి పొరబడినా పక్క స్వరంలోకి వెళ్లి పడదు.

కడ్డీని నొక్కకండి, దాని బరువే చాలు. మామూలు గిటారులో వేలు మెట్టుకు కాస్త వెనక ఉంటుంది, ఇక్కడ కడ్డీ సరిగ్గా గీత పైనే ఉండాలి. తల నిటారుగా గీత పైకి తెచ్చి చూడండి, పక్కనుంచి చూస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది. కడ్డీ వెనకున్న వేళ్లు తీగల మీద తేలిగ్గా ఆని ఉండాలి, లేకపోతే వెనకభాగం కూడా మోగి గోల అవుతుంది. ఇంకొకటి, దయచేసి చెయ్యి ఊపకండి. కొత్తగా నేర్చుకున్నవాళ్లందరూ కడ్డీని వణికిస్తూ అది గమకమని (స్వరాన్ని అందంగా ఊపడమని) చెప్పుకుంటున్నారు. స్వరం నిలబడని చోట ఆ వణుకు ముసుగు కప్పుతుంది. ముందు స్వరం నిశ్చలంగా నిలబడాలి, గమకం ఆ తర్వాతి మాట.

టీవీలో పాటల పోటీలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. పదేళ్ల పిల్లలను నిలబెట్టి, ఇది దేవుడిచ్చిన గొంతు అని ఒకరిని ఆకాశానికెత్తి, ఇంకొకరిని ఏడిపించి పంపిస్తారు. ఇంట్లో కూర్చుని చూసే లక్షలమంది తమకు దేవుడు ఏమీ ఇవ్వలేదని తేల్చుకుని జన్మలో వాద్యం ముట్టుకోరు. వాద్యాల దుకాణాలవాళ్లూ తక్కువేమీ కాదు. ఒకచోట స్లయిడ్ అడిగితే, ముందు మామూలు గిటారు కొని రెండేళ్లు నేర్చుకుని రమ్మన్నారు. ఎందుకు నేర్చుకోవాలి? అమెరికాలో మిసిసిపీ వైపు పేద నల్లజాతి పిల్లలు చీపురుకు చుట్టిన తీగ విప్పి, ఇంటి గోడకు మేకులతో బిగించి, సీసాతో జార్చి వాయించారు. వాళ్లెవరూ దుకాణానికి వెళ్లలేదు. హవాయి దీవుల్లో ఈ స్టీలు కడ్డీ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన జోసెఫ్ కెకుకు అప్పటికి బడి పిల్లవాడు. దువ్వెనతో, కత్తి వెనకవైపుతో ప్రయత్నించి, చివరికి బడి వర్క్‌షాపులో స్టీలు కడ్డీ తయారు చేసుకున్నాడని చెబుతారు. వర్క్‌షాపులో! మన దక్షిణాదిలో గోటువాద్యం (మెట్లు లేని వీణలాంటి వాద్యం) మీద కర్రముక్క జారుతూనే ఉంది. 2022లో పద్మశ్రీ అందుకున్న మొగులయ్య గారి కిన్నెర అనే తీగల వాద్యాన్ని చూడండి, వెదురూ ఎండిన సొరబుర్రలే కదా.

ఖర్చు గురించి కూడా అడిగారు. తీగలకు ఆకూస్టిక్ గిటారు సెట్టు ఒకటి కొనండి. అందులో ఐదోది, నాలుగోది, మూడోది వరసగా స, ప, పై స తీగలుగా వాడండి, స ను జి (పాశ్చాత్య సంగీతంలోని G స్వరం) పెట్టుకోండి. 60 సెంటీమీటర్ల పొడవుకు ఆ బిగువు సరిపోతుంది. కడ్డీ మాత్రం కొనకండి. ఏ లేత్ షాపులోనైనా 19 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్డు 75 మిల్లీమీటర్లకు కోసి, ఒక మొన గుండ్రంగా తిప్పి, ఎమెరీ కాగితంతో రుద్ది పాలిష్ చేసిమ్మనండి. దాదాపు 170 గ్రాములు వస్తుంది, అదే సరైన బరువు. గీతలు పడితే తీగ మీద గరగరమంటుంది కాబట్టి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి విడిగా పెట్టుకోండి, స్క్రూడ్రైవర్లతో కలిపి డబ్బాలో వేయకండి.