పాఠకుల ప్రశ్నలు: మంచు చిరుతల కొండల్లో స్వచ్ఛంద సేవ

ప్రశ్న: లదాఖ్‌లో అంత మంచు ఉంటుంది కదా, దానిని ఎడారి అని ఎందుకు అంటారు?
– ఒక పాఠకుడు, గుణుపురం (రాయగడ జిల్లా, ఒడిశా)

జవాబు: ఒక ప్రాంతం ఎడారి అవునో కాదో తేల్చేది అక్కడ ఏడాదికి కురిసే వాన, మంచుల మొత్తమే గాని ఎండ తీవ్రత కాదు. నైరుతి మేఘాలు హిమాలయాల దక్షిణపు వాలులోనే కురిసి ఖాళీ అవుతాయి కనుక, కొండలకు ఆవల ఉన్న లేహ్ పట్టణానికి ఏడాది మొత్తానికి దక్కేది సుమారు 100 మిల్లీమీటర్లే. మీ వైపు శ్రావణంలో ముసురు పట్టిందంటే రెండు మూడు రోజుల్లోనే అంత పడిపోతుంది.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మంచు చిరుతల సంరక్షణలో కొన్ని వారాలు స్వచ్ఛందంగా పనిచేయాలని ఉంది. అక్కడ ఏం పని చేయిస్తారు? చిరుత కనిపిస్తుందా?
– ఒక పాఠకురాలు, సిరొంచ (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

జవాబు: కనిపించకపోవచ్చునన్న సంగతికి మనసును ముందే సిద్ధం చేసుకోండి. 2019 నుంచి 2023 వరకు జరిగిన జాతీయ గణనలో మన దేశంలో 718 మంచు చిరుతలు ఉన్నాయని తేలింది. వాటిలో 477 లదాఖ్‌వే. అయితే 1,971 చోట్ల కెమెరాలు అమర్చినా విడివిడిగా ఫోటోకు చిక్కినవి 241 మాత్రమే, మిగిలినది వాటి ఆధారంగా కట్టిన అంచనా. ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకేలా ఉండవు కనుక, ఫోటోలను పక్కపక్కన పెట్టి పోల్చే పని గంటల తరబడి సాగుతుంది. స్వచ్ఛంద సేవకుల చేతికి తరచుగా వచ్చేది ఇలాంటి ఓపిక పనే.

చిరుత తినే భరల్ అనే నీలి గొర్రెలను, ఐబెక్స్ అనే కొండమేకలను లెక్కించడం మరొక పని. ఒకే వాలును రెండు జట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా విడిగా చూసి, మందలో ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని పిల్లలు అన్నది రాసుకుంటాయి. తరువాత రెండు పుస్తకాలూ కలిపి చూస్తే, ఇద్దరికీ కనిపించిన మందలెన్నో, ఒకరికే కనిపించినవెన్నో తెలుస్తుంది. ఆ తేడాను బట్టి ఎవరి కంటా పడని మందలను కూడా అంచనా కట్టవచ్చు. బూడిద రంగు రాళ్ల మధ్య బూడిద రంగు గొర్రెను పట్టుకోవడానికి కన్ను కుదరాలంటే కొన్ని రోజులు పడుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని గొర్రెల దొడ్డి దగ్గర ఉంది. పైకప్పు లేని దొడ్డిలోకి దూకిన చిరుత, బెదిరి పరుగులు తీసే గొర్రెలను ఒక్క రాత్రిలోనే పదుల సంఖ్యలో చంపగలదు. ఏడాది జీవనాధారం పోయిన కాపరి దానిపై పగబట్టడంలో ఆశ్చర్యం ఏముంది? దొడ్డిపై దూలాలు పరిచి ఇనుప వల బిగించి, సందు లేని తలుపు పెడితే ఆ నష్టం చాలా వరకు ఆగుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, కిబ్బర్ గ్రామం వైపు ఊరివాళ్లే నడుపుకునే పశువుల బీమా ఉంది. ఇలాంటి ఏర్పాట్లలో చేయి వేయడానికి వచ్చేవారిని ఊరు ఆదరిస్తుంది. కేవలం చిరుత ఫోటో కోసమైతే పర్యాటకులుగా వెళ్లి, ఊళ్లోని ఇంట్లోనే బస చేసి, డబ్బు చెల్లించి రావడం మర్యాద.

సేవకుల నుంచే రుసుము తీసుకునే సంస్థలు ఉన్నాయి. అది తప్పు కాదు గాని, ఆ సొమ్ములో ఊరికి ఎంత చేరుతుందో, మీరు సేకరించిన లెక్కలు ఎవరికి అందుతాయో అడగండి. జవాబు సూటిగా రాకపోతే దరఖాస్తు పెట్టకండి.

ప్రాణహిత ఒడ్డు నుంచి బయలుదేరి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో విమానం దిగేవారు మొదటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండి తీరాలి. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. డిగ్రీ పరీక్షలు అయ్యేలోగా బుద్ధపూర్ణిమ రాత్రి మహారాష్ట్ర అటవీ శాఖ నీటిగుంటల దగ్గర మంచెలపై కూర్చోబెట్టి జంతువులను గమనింపజేసే కార్యక్రమానికి పేరు నమోదు చేసుకోండి. రాత్రంతా మాటా పలుకూ లేకుండా కూర్చుని, చూసినది చూసినట్టు రాయగలరో లేదో అక్కడే తేలిపోతుంది.